ఆరున్నర వేల ఉద్యోగం

కొంటా,
9 జూన్ 2024

హిడ్మేకి,

నాలుగు రోజులుగా నీ ఫోను కలవడం లేదు. బాసగూడలో టవరు మళ్లీ పోయిందట, బస్సు డ్రైవరు చెప్పాడు. అందుకే ఈ ఉత్తరం. భద్రాచలం హాస్టల్లో చదివే రోజుల్లో సెలవులకి ఇలాగే రాసుకునేవాళ్లం. నీ చేతిరాత నాకంటే బాగుంటుందని తెలుగు టీచరు అంటే నాకు కుళ్లుగా ఉండేది.

నర్సింగు పాసై రెండు నెలలయింది. మూడేళ్లు ఒకే గదిలో ఉండి చదివాం కదా, ఉద్యోగం వేట మాత్రం విడివిడిగా పడింది. నా సంగతి విను. మొదట ఖమ్మంలో ఒక ఆస్పత్రికి వెళ్లాను. ఆరు నెలలు ట్రైనింగట, జీతం ఉండదట, తర్వాత చూద్దామట. లేచి వచ్చేశాను. మొన్న జగదల్‌పూర్‌లో, బస్టాండుకి దగ్గర్లో ఉన్న నర్సింగ్‌హోమ్‌కి వెళ్లాను. అక్కడి మేనేజరు మన భాషవాడే. వాళ్ల నాన్న గనుల్లో పని చేయడానికి శ్రీకాకుళం నుంచి వచ్చాడట. నా మార్కులు చూసి బాగానే ఉన్నాయన్నాడు. ఎంత ఇస్తారని అడిగాను.

"ఏడున్నర ఇస్తున్నామమ్మా. నువ్వు మన తెలుగమ్మాయివని ఎనిమిది చెబుతున్నాను" అన్నాడు.

"సార్, పన్నెండు గంటల డ్యూటీకి ఎనిమిది వేలేనా?" అన్నాను.

"ఉండడానికి రూము, రెండు పూటలా తిండి మావే కదా. ఇంక జీతంతో నీకు పనేముంది?" అని నవ్వాడు. పైగా ఒరిజినల్ సర్టిఫికెట్లు రెండేళ్లు వాళ్ల దగ్గరే పెట్టాలట, మధ్యలో మానేయకుండా. పన్నెండు వేలు అడిగాను. ఫైలు మూసేసి, ఆలోచించుకుని ఫోను చేయమన్నాడు. చేయలేదు.

నాన్నకి చెబితే హైవే మీద టైరు పంక్చరు వేస్తూ తల కూడా ఎత్తకుండా, "మంచి పని చేసినవ్ బిడ్డా" అన్నాడు. నాకు చాలా గర్వంగా అనిపించింది.

హిడ్మే, నువ్వు కూడా మాట ఇవ్వు. పన్నెండుకి తక్కువ ఎవరిచ్చినా ఒప్పుకోకు. మనం ఒప్పుకోకపోతే వాళ్లే దిగివస్తారు.

నీ
దీప

*

బాసగూడ,
28 జూన్ 2024

దీపకి,

నీ ఉత్తరం పదకొండు రోజులకి అందింది. తాలిపేరు వాగులో నీళ్లు వచ్చాయి. మా అన్న కోస దుక్కి మొదలుపెట్టాడు. నేనూ పొలంలోనే ఉంటున్నాను.

ఊళ్లో అందరికీ నేను డాక్టరునే. జ్వరమొచ్చినా, తేలు కుట్టినా మా గుమ్మం ముందే కూర్చుంటారు. ఇంజక్షను వెయ్యమంటారు. నా దగ్గర మందుల్లేవు, వేసే హక్కూ లేదు అని చెబితే నమ్మరు. మూడేళ్లు ఏం చదివావని అడుగుతారు.

నువ్వు ఖమ్మంలో లేచి వచ్చేశావని చదివి చాలాసేపు ఆలోచించాను. నేనైతే అలా లేవగలిగేదాన్నా అని.

ఉద్యోగం విషయం ఇంకా ఏమీ తేలలేదు. వచ్చే వారం పని మీద జగదల్‌పూర్ వెళ్తున్నాను. వెళ్లొచ్చాక రాస్తాను. మీ అమ్మానాన్నలని అడిగానని చెప్పు.

హిడ్మే

*

కొంటా,
19 ఆగస్టు 2024

హిడ్మే,

వెళ్లొచ్చాక రాస్తానన్నావు. నెలన్నర దాటింది. నీ ఫోనూ కలవడం లేదు. శబరి పొంగి వారం రోజులు రోడ్డు మూసేశారు, నీ ఉత్తరం ఎక్కడో ఆగిపోయిందేమో అనుకుంటున్నాను. లేదంటే నువ్వు రాయలేదు.

నాకు ఎక్కడా కుదరలేదు. మొత్తం ఐదు చోట్ల అయింది. ఒకచోట తొమ్మిది అన్నారు, చేరే రోజున ఏడు అన్నారు. ఇంకోచోట ఇంటర్వ్యూ అంతా బాగా జరిగాక, "పెళ్లయితే మానేస్తావు కదా, నీకెందుకు ఎక్కువ?" అన్నారు. ఇంట్లో అమ్మ పొద్దున టీ గ్లాసు నా ముందు పెట్టి, ఏదో అడగబోయి, వెనక్కి వెళ్లిపోతుంది. సతీష్ బావ మాత్రం వచ్చినప్పుడల్లా, "ఏందే, పన్నెండు వేల మేడమ్, ఇంకా ఇంట్లనే ఉన్నవా?" అంటాడు.

చివరికి సిగ్గు విడిచి జగదల్‌పూర్ మేనేజరుకి ఫోను చేశాను. పది ఇచ్చినా వస్తానన్నాను. ఆయన ఏమన్నాడో తెలుసా?

"లేటయిపోయిందమ్మా. మీ కాలేజీలో చదివిన అమ్మాయే ఆరున్నరకి చేరిపోయింది. నోరెత్తదు. చెప్పిన పని చేస్తుంది."

ఆరున్నర! పేరు అడిగితే చెప్పలేదు, లోపలి ఊళ్ల అమ్మాయి అన్నాడు. ఎవరై ఉంటుంది, మన క్లాసు గంగేనా? ఎవరైనా సరే, నాకు ఒళ్లు మండిపోయింది. అడవిలోంచి వచ్చినవాళ్లకి డబ్బు విలువ ఏం తెలుస్తుంది? ఎంత చేతిలో పెడితే అంత తీసుకుంటారు. ఆమె ఒక్కతి ఒప్పుకున్నందుకు ఇక మన అందరి ధరా ఆరున్నరే. రేపు ఎవరు వెళ్లి అడిగినా ఆమెనే చూపిస్తాడు. ఆ అమ్మాయి ఎదురుపడితే ఈ మాట మొహం మీదే అడుగుతాను.

నీకు తప్ప ఇంకెవరికీ చెప్పుకోలేను. తొందరగా రాయి.

దీప

*

జగదల్‌పూర్,
15 సెప్టెంబరు 2024

దీపకి,

నీ ఉత్తరం బాసగూడ వెళ్లింది. కోస అన్న ఇక్కడికి తెచ్చి ఇచ్చాడు. ఎదురుపడితే అడుగుతానన్నావు కదా. అడుగు. ఆ అమ్మాయి నేనే.

ఫోనులో చెప్పే ధైర్యం లేదు. వారం రోజులుగా ఈ మాట ఎలా రాయాలా అని చూస్తున్నాను. అందంగా రాయడం చేతకాలేదు.

జులై రెండున ఇక్కడికి వచ్చాను. నీకు ఎనిమిది చెప్పినచోటే అని తెలిసే వచ్చాను. మేనేజరు నాతో హిందీలోనే మాట్లాడాడు. నాకు తెలుగు వచ్చని చెప్పలేదు. "ఎంత కావాలి?" అని అడిగాడు. దీపా, ఆ మాట నన్ను అంతవరకు ఎవరూ అడగలేదు. మా ఇంట్లో ఎవరినీ అడగలేదు. తునికాకు కట్టకి ఇంత అని కొనేవాళ్లే చెబుతారు. ఇప్ప పువ్వు సంతకి తీసుకెళ్తే కిలో ఇంత అని షావుకారు చెబుతాడు. మేం తల ఊపి ఇచ్చి వస్తాం. పన్నెండు అని నువ్వు రాసింది గుర్తుంది. లోపల అనుకున్నాను కూడా. కానీ ఆ కుర్చీలో కూర్చుని, ఆయన నా చెప్పుల వైపు చూస్తుంటే, ఆ మాట నాది కాదనిపించింది. నీది అనిపించింది.

"మీరు ఎంతిస్తే అంత సార్" అన్నాను.

"ఆరున్నర" అన్నాడు. సర్టిఫికెట్లు ఇచ్చేశాను.

బయటికి వచ్చాక నాకు బాధేమీ కలగలేదు. అది నీకు తెలియాలి. సంతోషమే కలిగింది. మా ఇంట్లో నెల నెలా జీతం అనేది తెచ్చే మొదటి మనిషిని నేను. సంతలో అమ్మకి నీలం చీర కొన్నాను. నీ ఉత్తరం చదివాకే బాధ మొదలైంది.

నేను తప్పు చేయలేదని రాయడం లేదు. నీకు చెప్పకపోవడం తప్పు. కానీ డబ్బు విలువ నాకు తెలియదని మాత్రం అనకు. నా చిన్నప్పుడు, తుపాకుల గొడవల రోజుల్లో, మేం ఊరు వదిలి అడవిలోంచి నడుచుకుంటూ చర్ల వైపు వచ్చినప్పుడు, మా నాన్న మిర్చి తోటలో కూలికి కుదిరాడు. సాయంత్రం ఆయన లెక్కపెట్టుకోవడం చూస్తూ పెరిగాను. విలువ నాకు బాగా తెలుసు. అడగడమే తెలియదు.

ఇక నీ ఉత్తరాలు వస్తాయో రావో. రాకపోయినా ఏమీ అనుకోను.

హిడ్మే

*

కొంటా,
2 అక్టోబరు 2024

హిడ్మే,

ఆ మాట రాసిన చెయ్యి నాదే. అడవిలోంచి వచ్చినవాళ్లు అని. హాస్టల్లో నాకు కామెర్లు వచ్చినప్పుడు పదహారు రోజులు పక్కనే కూర్చున్నదానివి నువ్వు. నన్ను క్షమించమని అడగడానికి కూడా మొహం లేదు.

అయినా ఒక మాట దాచకుండా చెబుతాను, నీ మీద కోపం పూర్తిగా పోలేదు. ఆరున్నరకి తల ఊపావు కదా, ఆ కోపం ఉంది. ఆ కుర్చీలో నువ్వు ఒక్కదానివే కూర్చోలేదు, నా తరఫున కూడా కూర్చున్నావు, అది నీకు తట్టలేదు.

రాత్రి నాన్నతో ఇదంతా చెప్పాను. నిన్ను తిడతాడనుకున్నాను. నాన్న అన్నాడు: "నువ్వు లేచి రాగలిగినవ్ బిడ్డా, ఎందుకంటే ఇంటికొస్తే బువ్వుంటది. ఆ పిల్లకి ఏముందో అడిగినవా?"

అడగలేదు. ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు. పన్నెండు వేలు అనే ధైర్యం నాదనుకున్నాను, అది మా నాన్న పంక్చరు షాపుది.

అక్కడ నువ్వు ఏం పని చేస్తున్నావో అంతా రాయి. చిన్నదైనా వదలకు.

దీప

*

జగదల్‌పూర్,
24 నవంబరు 2024

దీపకి,

నీ ఉత్తరం చదివి చాలా ఏడ్చాను. తర్వాత అన్నం తిన్నాను. చాలా రోజులకి ఆకలేసింది.

పని సంగతి రాయమన్నావు. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా వార్డు. సెలైన్లు, ఇంజక్షన్లు, డ్రెస్సింగులు. ఆయా రాకపోతే బెడ్‌పాన్లు. అది అందరూ చేసేదే. నేను ఒక్కదాన్నే చేసేది వేరే ఉంది. దంతెవాడ దాటి లోపలి నుంచి వచ్చే రోగులకి హిందీ రాదు. డాక్టరమ్మ గోండి ఎరగదు. వాళ్ల మధ్య నిలబడేది నేను. నాకు దోర్లీ ఇంట్లో వచ్చింది, గోండి ఊళ్లో వచ్చింది, హల్బీ ఇక్కడి సంతలో నేర్చుకున్నాను.

గత నెల జగర్గుండా వైపు నుంచి మంగ్లీ అనే ఆమెని జీపులో తీసుకొచ్చారు. బాలింత, ఒళ్లు కాలిపోతోంది. ఇంతకు ముందు ఏ మందైనా పడలేదా అని డాక్టరమ్మ హిందీలో అడిగింది. ఆమె మరిది అన్నిటికీ "హాఁ జీ, సబ్ ఠీక్" అంటున్నాడు. ఇంజక్షను నా చేతిలోనే ఉంది. ఆగి ఆమెనే గోండిలో అడిగాను. నిరుడు వైద్య క్యాంపులో సూది వేస్తే గొంతు వాచిపోయిందట, పడిపోయిందట. క్యాంపులో ఇచ్చిన చీటీ కూడా ఆమె సంచిలోనే ఉంది. చూస్తే అదే మందు. డాక్టరమ్మ చీటీ చదివి, నా చేతిలోంచి సిరంజి తీసుకుని పక్కన పెట్టింది. వేరే మందు రాసింది. మంగ్లీ తొమ్మిదో రోజున బిడ్డనెత్తుకుని నడిచి వెళ్లింది.

ఆ తర్వాత మేనేజరు గేటు ముందు కొత్త బోర్డు పెట్టించాడు. "ఇక్కడ గోండి, దోర్లీ, హల్బీ, తెలుగు మాట్లాడే సిబ్బంది కలరు" అని హిందీలో పెద్ద అక్షరాలు. తెలుగు ఆయనది, మిగతా సిబ్బంది అంటే నేనే. జీపులు ఎక్కువగా వస్తున్నాయి.

నువ్వు గుర్తొచ్చావు. రెండు వారాల క్రితం ఆఫీసులోకి వెళ్లి పన్నెండు వేలు కావాలన్నాను. ఈసారి తెలుగులోనే అడిగాను. ఆయన ఉలిక్కిపడ్డాడు. చూద్దామన్నాడు. పోయిన సోమవారం పిలిచి, నవ్వుతూ, "ఎక్కువ మాట్లాడకు. కొంటాలో ఒకమ్మాయి తొమ్మిదికి వస్తానని ఒప్పుకుంది. ఒకటో తారీకు నుంచి నీ అవసరం లేదు" అన్నాడు.

దీపా, కొంటాలో నర్సింగు చదివినవాళ్లు ఇంకా ఉంటారు. అయినా నిన్నే అడుగుతున్నాను. అది నువ్వేనా?

హిడ్మే

*

జగదల్‌పూర్ బస్టాండు,
29 నవంబరు 2024

హిడ్మే,

అవును. నేనే.

పన్నెండు రోజుల క్రితం ఆయనే ఫోను చేశాడు. తొమ్మిది ఇస్తాను, ఒకటో తారీకున చేరు అన్నాడు. ఎనిమిది నెలలయింది హిడ్మే. అమ్మ పక్కనే నిలబడి నా మొహం చూస్తోంది. "వస్తాను సార్" అనేశాను. ఎవరిని తీసేసి నన్ను పెడుతున్నారని అడగలేదు. అడిగితే నీ పేరు చెబుతాడని నాకు తెలుసు. తెలియనట్టు ఉండాలనే అడగలేదు. నువ్వు అడగడం తెలియక తల ఊపావు. నేను తెలిసి ఊపాను. ఈ రెండిట్లో ఏది పెద్ద తప్పో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు.

నిన్న నీ ఉత్తరం అందింది. ఈ పొద్దున మొదటి బస్సెక్కి వచ్చాను. బోర్డు చూశాను. చాలాసేపు దాని కింద నిలబడ్డాను. తర్వాత ఆఫీసులోకి వెళ్లాను.

"సామాను తెచ్చుకున్నావా?" అన్నాడు.

"లేదు సార్. నేను చేరట్లేదు. మీ బోర్డు మీద ఉన్న భాషల్లో నాకు ఒక్కటే వచ్చు. మిగతావన్నీ హిడ్మేవి."

"నువ్వు రాకపోతే ఇంకొకళ్లు వస్తారమ్మా. రెండు రోజులు చాలు."

"రానివ్వండి సార్. జగర్గుండా నుంచి జీపు వచ్చినప్పుడు వాళ్లు ఏం మాట్లాడతారో నాకూ చూడాలనుంది."

"స్నేహితురాలి కోసం జీతం వదులుకుంటే ఇల్లు గడుస్తుందా?"

"గడవదు సార్" అన్నాను. అబద్ధం చెప్పలేకపోయాను. లేచి వచ్చేశాను.

పైన వార్డులో నువ్వున్నావని తెలుసు. మెట్ల దాకా వచ్చి ఆగిపోయాను. నీ ఎదుట నిలబడలేను, ఈ రోజు కాదు. ఈ కాగితం మీ ఆస్పత్రి కింది మందుల షాపులో ఇచ్చి వెళ్తున్నాను. నీ ఉద్యోగం నిలబెట్టానని అనుకోవద్దు. బహుశా పోగొట్టాను కూడా. నా చేత్తో తీసుకోలేదు, అంతే.

దీప

*

జగదల్‌పూర్,
16 జనవరి 2025

దీపకి,

చాలా ఆలస్యంగా రాస్తున్నాను. తేలకుండా రాయకూడదనుకున్నాను.

నువ్వు వెళ్లిన తర్వాత దుర్గ్ నుంచి ఒకమ్మాయిని పెట్టుకున్నారు. పేరు మీనా. మంచి పిల్ల. నన్ను రావద్దన్నారు. సర్టిఫికెట్లు అడిగితే రెండేళ్లు కాలేదు కదా అన్నాడు. అవి లేకుండా ఇంకెక్కడికి పోను? మాట్లాడకుండా బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. సర్టిఫికెట్లు ఇస్తే పోతానన్నాను. వాచ్‌మన్ లేపలేదు. ఆయనది కూడా మా వైపే.

మొదటి రోజు ఎవరూ పట్టించుకోలేదు. రెండో రోజు బీజాపూర్ వైపు నుంచి ఒక తాత వచ్చాడు. లోపల ఏం చెప్పారో అర్థంకాక బయటికి వచ్చి అందరి మొహాలూ చూస్తున్నాడు. ఊరుకోలేకపోయాను. చీటీ చదివి ఏ మాత్ర ఎప్పుడో చెప్పాను. ఊరికే ఎందుకు చెప్పావని నువ్వు కోప్పడతావు. తాత మీద నాకేం పగ? తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. మూడో రోజుకి మీనాయే రోగులని వెంటబెట్టుకుని బెంచీ దగ్గరికి రావడం మొదలుపెట్టింది. ఒకసారి డాక్టరమ్మ కూడా కేసు కాగితం పట్టుకుని వరండాలోకి వచ్చింది. నన్ను చూసి, "లోపలికి రాకుండా ఇక్కడెందుకు కూర్చున్నావు?" అంది. తీసేశారని ఆమెకి తెలియదు. చెప్పాను. ఆమె కాగితం మడిచి ఆఫీసు వైపు వెళ్లింది.

నాలుగో రోజు మేనేజరు పిలిచాడు. తొమ్మిది అన్నాడు. నేను మూడు అడిగాను: పన్నెండు వేలు, సర్టిఫికెట్లు నా చేతికి, అన్నీ కాగితం మీద. మీనాని తీయకూడదని కూడా అన్నాను, అప్పుడు నాలుగయ్యాయి. చాలాసేపు పోట్లాడాడు. చివరికి పది దగ్గర ఆగాడు. సర్టిఫికెట్లు బల్ల మీద పడేశాడు. కాగితం రెండుసార్లు చదివి సంతకం పెట్టాను. మీనా ఉంది. నాతో పాటే ఉంటోంది.

గెలిచావని రాయకు దీపా. పన్నెండు గంటలు అలాగే ఉన్నాయి. పది అంటే తక్కువే, పన్నెండుకి తగ్గొద్దని నువ్వే రాశావు. ఆ గదిలో నాకు భయం వేసింది. కానీ ఎంత కావాలో నేనే చెప్పాను.

నువ్వు మెట్ల దాకా వచ్చి వెళ్లిపోయావని చదివినప్పుడు మాత్రం చాలా కోపం వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం నా టిఫిన్‌లో చేపల కూర ఉంది. వస్తే ఇద్దరం తినేవాళ్లం.

హిడ్మే

*

సుక్మా,
11 మార్చి 2025

హిడ్మే,

ఈ ఉత్తరం సుక్మా నుంచి. ఇక్కడ డయాలసిస్ సెంటరు ఒకటి తెరిచారు. ఈ పొద్దున ఇంటర్వ్యూకి పిలిచారు. ఎనిమిది గంటల డ్యూటీ, వారానికో సెలవు, సర్టిఫికెట్లు చూసి అక్కడికక్కడే తిరిగి ఇచ్చారు. ఎంత కావాలని అడిగితే పన్నెండు అన్నాను. తొమ్మిదిన్నర అన్నారు. మా ఊరి నుంచి రోజూ రాలేను, గది అద్దె ఉంటుంది, పదకొండైనా ఇవ్వండి అన్నాను. కాంట్రాక్టు రేటు రాయపూర్ నుంచి వస్తుందట, ఇక్కడివాళ్ల చేతిలో లేదట. ఆరు నెలల తర్వాత పెంచుతామని కాగితంలో రాయమన్నాను. ఎంతో రాయలేదు కానీ, "పరిశీలిస్తాము" అని రాశారు.

ఆ మాటకి విలువెంతో నాకు తెలుసు. అయినా కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. సెంటరు మేడమ్ రెండుసార్లు గడియారం చూసింది. పదకొండు నెలలు ఇంట్లో కూర్చున్నాను హిడ్మే. చేసి చేసి నేర్చుకున్న పని, చేతులు మరిచిపోతాయేమోనని భయం మొదలైంది. సంతకం పెట్టాను.

పన్నెండుకి తక్కువ ఒప్పుకోకని నీకు రాసినదాన్ని, నీకంటే ఐదు వందలు తక్కువకి ఒప్పుకున్నాను. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంటే ఏడుపు రాలేదు, సంతోషమూ రాలేదు. ముందు ఎవరికి చెప్పాలా అని చూశాను. అమ్మకి ఫోను చేస్తే జీతం పది వేలు దాటిందా అని అడుగుతుంది. బావ అడిగితే పదకొండని చెప్పాలని నోటిదాకా వచ్చింది, ఇంకా చెప్పకముందే.

ఎవరికీ చేయలేదు. కాగితం కొనుక్కుని నీకు రాస్తున్నాను. నా జీతం తొమ్మిది వేల ఐదు వందలు. మొదట నీకే చెబుతున్నాను. నీ తర్వాత ఎవరడిగినా ఇంతే చెబుతాను.

వచ్చే ఆదివారం నా మొదటి సెలవు. పొద్దున బస్సుకి వస్తాను. ఈసారి మెట్లు ఎక్కుతాను.

నీ
దీప